'యజ్ఞం' కథ: ఊరి మార్పు, మనిషి పరాయితనము

ఊరికి మార్పు వచ్చుట వేరు. ఆ మార్పు ఊరివారందరికిని అందుట వేరు. ఈ భేదమును మనస్సునకు హత్తుకొనునట్లు చూపిన తెలుగు కథ 'యజ్ఞం'. దీనిని రచించినవారు కాళీపట్నం రామారావుగారు. ఉపాధ్యాయవృత్తిలో నుండి కథలు వ్రాసిన వీరి 'యజ్ఞంతో తొమ్మిది' అను సంపుటమునకు 1995లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది.

కథ జరుగు ఊరు సుందరపాలెము. శ్రీరాములునాయుడను పెద్దమనిషి పూనికతో ఆ ఊరు ఎంతో బాగుపడినది. ఆ ఊరిలోనే అప్పల్రాముడను కష్టజీవి కలడు. అతడు గోపన్న అను వర్తకునికి బాకీపడెను. తగవు పంచాయతీకి వచ్చెను. అప్పు తీర్చవలెనన్న ఉన్న కొద్ది భూమియు పోవును. అప్పల్రాముడు సోమరి కాడు. ఊరు పెరుగుచుండగా తన బ్రదుకు ఏల తరిగిపోయెనో అతడు సభలో వెళ్లబోసికొనును. వినువారందరును ఎరిగినవారే, అయినను వారి నడుమ అతడు పరాయివాడు. తుదకు తండ్రి తలయొగ్గెను. కొడుకు సీతారాముడు ఒగ్గలేదు. తన బిడ్డ బానిసబ్రదుకు బ్రదుకరాదని, ఆ పసివాని ప్రాణమును తానే తీసెను.

ఈ పని ఘోరము, దానిని సమర్థింపరాదు. ఒక తండ్రిని అంతవరకు తరిమినది ఏదియో ఆలోచింపవలెను. బీదతనము పూర్వమును ఉండెను. కాని తన చెమటతో పెరిగిన ఊరిలో తనకే చోటు లేదని తెలియుట అంతకన్న దుర్భరము.

మన పల్నాటివారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నీటితో మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతములలో ఎన్నో మెట్టపొలములు మాగాణులైనవి. ఇది గొప్ప మేలు. కాని ఆ జలాశయము నిండుటకై నాగార్జునకొండ లోయలోని పల్లెలవారు ఇండ్లు వాకిళ్లు విడిచి తరలిపోవలసివచ్చెను. అచ్చటి ప్రాచీన శిలలను కొండమీదికి చేర్చి, వస్తుప్రదర్శనశాలలో భద్రపరచిరి. శిలలపై చూపిన శ్రద్ధ మనుష్యులకును అందినదా యని అడుగుట మన ధర్మము.

బాలలారా! మార్పు వలదని 'యజ్ఞం' చెప్పలేదు. బాట వేసినపుడు, కాలువ త్రవ్వినపుడు ముందున్నవారికి కలిగిన మేలును అందరును చెప్పుదురు. చివరనున్నవాని వంతు ఏమైనదని అడుగువారు అరుదు. కథ చదివిన పిమ్మట ఆ ప్రశ్న మీరు అడుగుడు.