మగ్గపు గదికి ఎగ్జాస్టు ఫ్యాను: అనుమతి ఎక్కడ కావలెను?

విరించిపురం, గుడియాత్తం, వేలూరు ప్రాంతాల నేత కుటుంబాలకు మనవి.

గంజి కాచునపుడు లేచే ఆవిరి, అద్దకపు తొట్టి వాసన, కండెలు చుట్టునపుడు రాలే నూగు మూసిన గదిలో నిలిచి ఇంటిల్లిపాదికీ దగ్గు తెచ్చుచున్నవి. ఆ గాలిని వెలికి తోసే ఫ్యాను పెట్టుకొనుట మంచిదే. "దీనికి పర్మిట్ కావలెనా?" అని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. చూడవలసినవి మూడు: గోడ, పొరుగు, కరెంటు.

గోడ: ఉన్న వెంటిలేటరులోనే ఫ్యాను బిగించిన గోడ పగులగొట్టే పని లేదు. కొత్త వెంటిలేటరు తెరచినను, కట్టడపు బలమునకు, భద్రతకు భంగము లేనిచో అనుమతి అక్కరలేదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పుచున్నది. అయినను స్థానిక నిబంధనలే చెల్లును. కావున గ్రామములో పంచాయతీని, గుడియాత్తంలో మునిసిపాలిటీని, వేలూరులో కార్పొరేషనును ముందే విచారించవలెను. అద్దె ఇల్లయిన యజమాని సమ్మతి కాగితముపై తీసికొనుడు.

పొరుగు: ఉమ్మడి గోడకు పొరుగువారి ఒప్పుదల లేక కన్నము వేయరాదు. మా సభ్యుడొకరు అడుగక వేసిరి. అద్దకపు వాసన పక్కింటి వంటగదిలోకి పోయెను. ఒకే పడుగు కలిసి తోడుకొన్న రెండిండ్లవారు నెలల తరబడి మాటలాడుకొనలేదు. తుదకు ఫ్యానును వీధివైపుకు మార్చిన పిమ్మటనే సమాధానపడిరి. మరొక మాట: సొంత గోడకే కన్నము వేసినను, పొరుగువారు తమ స్థలములో ఎదురుగా గోడ కట్టిన అడ్డు చెప్పజాలము. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము గాలి వెలుతురుల హక్కు 20 ఏండ్లు నిరాటంకముగా అనుభవించినగాని రాదు.

కరెంటు: పాత ఫ్యాను తీసి అదే చోట అటువంటిదే పెట్టుకొనవచ్చును. కొత్త తీగ లాగి, కొత్త పాయింటు పెట్టవలెనన్న లైసెన్సుగల కాంట్రాక్టరు చేతనే చేయించవలెనని కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు విధించుచున్నవి. తడి గదిలో ఎర్తు తప్పనిసరి. ఖర్చుకు భయపడనక్కరలేదు. 50 వాట్ల ఫ్యాను దినమునకు 8 గంటలు తిరిగిన రెండు నెలలకు 24 యూనిట్లే అగును.

చివరిగా మగ్గము సంగతి. ఫ్యాను లాగే గాలి పడుగుకు నేరుగా తగిలిన గంజి ఎండి పోగులు తెగును. కావున ఫ్యానును గంజి కాచే చోట, తొట్టి పైగా, గోడ ఎత్తున పెట్టుడు. ఎదుటి గోడలో గాలి లోనికి వచ్చుటకు దారి విడువుడు. కన్నము వేయుటకు ముందు పొరుగింటి గడప ఒకసారి తొక్కుడు. ఏ కార్యాలయమూ ఇయ్యలేని అనుమతి అక్కడ దొరకును.