ఎండాకాలపు ఎనిమిది వారములు



కొన్ని సంవత్సరముల క్రితము ఏప్రిల్ నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయారు. ఒక సహోదరుడు మాత్రము గుడి మెట్ల మీదనే కూర్చుండిపోయాడు. ఆయన ఆర్మూరు పక్క పల్లెలో రెండెకరముల పసుపు వేసుకొనే రైతు. ముందు నెలలోనే పంటను నిజామాబాదు మార్కెట్ యార్డులో అమ్మివచ్చాడు. చేతిలో నాలుగు రూపాయలు ఉన్నవి గాని ముఖములో సంతోషము లేదు.

“అయ్యగారూ, మా బిడ్డ ఎండకాలం గూడ ఇంటికి వస్తలేదట. పోయిన సబ్జెక్టులు మూడు ఉన్నయి. ఎనిమిది వారాలల్ల ఆడనే ఉండి చదివి పాసయితదట. ఫీజు పంపుమంటున్నది. పంపాల్నా, వద్దా?” అని అడిగాడు.

ఆ అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నది. ఎలక్ట్రికల్ బ్రాంచి, రెండవ సంవత్సరము అయిపోయింది. ఆ ఇంటిలో ఇంటరు దాటిన మొదటి మనిషి ఆమెయే. తప్పిన సబ్జెక్టులు గణితము, సర్క్యూట్లు, సిగ్నల్స్. చదువు కొరకు బ్యాంకులో ఋణము తీసికొన్నారు. ఈ మూడు తీరకపోతే మూడవ సంవత్సరపు కొత్త పాఠములతోపాటు వీటిని కూడా మోయాలి. చివరి సంవత్సరములో ఉద్యోగములిచ్చుటకు వచ్చే కంపెనీలు అనేకము బ్యాక్‌లాగులున్న పిల్లలను పరీక్షకే కూర్చోనివ్వవు. కాబట్టి ఆ తండ్రి ప్రశ్న చిన్నది కాదు.

మన ప్రాంతపు తలిదండ్రులలో చాలామందికి ఈ వేసవి తరగతుల సంగతి తెలియదు. జె.ఎన్.టి.యు. పరిధిలోని కళాశాలలలో తప్పిన పిల్లలు సప్లిమెంటరీ పరీక్ష వ్రాస్తారని మాత్రము మనకు తెలుసు. అందులో పరీక్షయే గాని పాఠము మరల చెప్పరు. కొన్ని విద్యాసంస్థలలో వేరొక పద్ధతి ఉన్నది. 2008లో హైదరాబాదులో ప్రాంగణము తెరచిన బిట్స్ పిలానీ వంటి చోట్ల రెండు సెమిస్టర్ల తరువాత చిన్న వేసవి టర్ము ఉంటుంది. పదిహేను పదహారు వారముల పాఠమును సుమారు ఎనిమిది వారములలో మొదటినుండి చివరివరకు చెప్పి పరీక్ష పెడతారు. అమెరికాలో చదివే మన పిల్లలకైతే ఐదారు వారముల టర్ములు కూడా ఉంటాయి. పాఠము తగ్గదు, రోజులే తగ్గుతాయి. కష్టమంతా అక్కడనే ఉన్నది.

నేను ఆ సహోదరునితో, “ముందు లెక్క వేద్దాము” అన్నాను. సంఘపు రిజిస్టరు వెనుక ఒక తెల్లకాగితము తీసికొన్నాము. అమెరికా ప్రభుత్వము 2010లో వ్రాసిన ఒక నియమము ఇందుకు మంచి కొలత. తరగతిలో ఒక గంట కూర్చుంటే బయట కనీసము రెండు గంటలు చదవాలి, ఇట్లు సుమారు పదిహేను వారములు జరిగితే ఒక క్రెడిట్ అవుతుంది. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు వారమునకు 9 గంటలు, మొత్తము 135 గంటలు. దీనినే ఎనిమిది వారములలో కుదిస్తే వారమునకు దాదాపు 17 గంటలు. రెండు సబ్జెక్టులకు 34. మూడింటికి 51. ఆరు వారముల టర్ములోనైతే ఒక్క సబ్జెక్టుకే ఇరవై రెండున్నర గంటలు.

ఫోనులో అమ్మాయికి ఈ లెక్క చెప్పాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “అయ్యగారూ, మూడు కాకుంటే రెండు తీసుకుంట” అన్నది. ముప్పది నాలుగు గంటలంటే ఆరు దినములు, దినమునకు ఆరు గంటలలోపే. ఆదివారము కూడా మిగులుతుంది. గణితము, సర్క్యూట్లు తీసికొమ్మని నేనే సలహా ఇచ్చాను. తండ్రి ఫీజు కట్టాడు.

ఇక్కడ నా పొరపాటు ఒప్పుకోవాలి. నా కూడికలు సరిగానే ఉన్నవి గాని సబ్జెక్టుల వరుస తప్పినది. ఆ సంగతి ఆ అమ్మాయియే తరువాత నాకు విడమరచి చెప్పింది. ఏ.సి. కరెంటు సర్క్యూటు లెక్క చేయుటకు సంకీర్ణ సంఖ్యలు రావాలి. స్విచ్చి వేసిన క్షణములో కాయిలులోను కెపాసిటరులోను ఏమి జరుగునో చెప్పుటకు అవకలన సమీకరణములు రావాలి. ఇవి గణితము పేపరులోని పాఠములే. సిగ్నల్స్‌కు లాప్లాసు, ఫోరియరు పరివర్తనలు రావాలి. అవి కూడా గణితమే. అంటే ఈ మూడు సబ్జెక్టులు పక్కపక్కన నిలిచే మూడు గదులు కావు, ఒకదాని మీద ఒకటి కట్టిన మూడు అంతస్తులు. మామూలు సెమిస్టరులో కింది అంతస్తు కొంచెము వెనుకబడినా సర్దుకొనుటకు వ్యవధి ఉంటుంది. ఎనిమిది వారములలో ఆ వ్యవధి లేదు.

మూడవ వారములో ఆమె ఇంటికి ఫోను చేసింది. గణితములో మొదటి పరీక్ష బాగానే వ్రాసింది. సర్క్యూట్లలో ముప్పదికి ఆరు మార్కులు వచ్చినవి. రాత్రి రెండు గంటలవరకు మేలుకొంటున్నది, ఉదయము తరగతిలో నిద్రపోతున్నది. “నాన్నా, పైసలు దండుగయినయి” అని ఏడ్చిందట. తండ్రి నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కాడు.

దారిపొడుగునా నాకు నా పాత సంగతియే గుర్తుకు వచ్చింది. వేదాంత విద్య డిప్లొమా చదివిన రోజులలో ఒక వేసవిలో మాకు గ్రీకు భాషను ఆరు వారములలో నేర్పారు. ప్రతిదినము ఉదయము కొత్త పాఠము, సాయంత్రము పరీక్ష. నేను మంచి మార్కులతోనే ఉత్తీర్ణుడనైనాను. క్రిస్మసు నాటికి సగము క్రియారూపములు మరచిపోయినాను. ఆ తరువాత ఒక సంవత్సరముపాటు దినమునకు పది నిమిషములు చదివితేనే అవి తిరిగి నిలిచినవి.

ఇది నా ఒక్కని బలహీనత కాదు. హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మనీ పండితుడు అర్థములేని అక్షరములను తానే కంఠస్థము చేసి, ఎంత త్వరగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకము ప్రచురించాడు. ఒకేసారి కూరినదానికన్న వ్యవధి ఇచ్చి మరల మరల చూచినది ఎక్కువకాలము నిలుస్తుందని ఆయన నాడే గమనించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు మరియొక సంగతి చూపారు. చదివిన పుటనే తిరిగి చదివినవారికన్న, పుస్తకము మూసి గుర్తుతెచ్చుకొని వ్రాసినవారికి వారము తరువాత ఎక్కువ జ్ఞాపకమున్నది. నిద్రలో మెదడు పగటి పాఠమును పదిలపరుచుకొంటుందని కూడా నేడు మనకు తెలుసు. కాబట్టి నిద్ర మానుకొని చదివే బిడ్డ చిల్లికుండతో నీళ్లు మోస్తున్నట్లే.

ఈ వేసవి చదువు ఇప్పుడు పుట్టినది కూడా కాదు. విలియమ్ రెయినీ హార్పర్ అనే హెబ్రీ పండితుడు 1880లలో అమెరికాలో హెబ్రీ భాషకు వేసవి పాఠశాలలు నడిపాడు. షికాగో విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడైన తరువాత వేసవిని కూడా ఒక పూర్తి టర్ముగా చేశాడు. రెండవ ప్రపంచయుద్ధములో 1943 నుండి 1946 వరకు అమెరికా నౌకాదళము వి-12 అనే పథకము క్రింద వేలాదిమంది యువకులను కళాశాలలలో చదివించింది. వారికి ఎంతో తొందర ఉన్నది. అయినను వారు పదహారు వారముల టర్మును తగ్గించలేదు. సెలవులు తీసివేసి సంవత్సరమునకు మూడు టర్ములు నడిపారు. యుద్ధకాలములో సైతము వారు పాఠమునకు కావలసిన వారములను కోయలేదని మనము గమనించాలి.

పసుపు రైతులకు ఇది నేను చెప్పనక్కరలేదు. కొమ్ములను ఉడకబెట్టుట కొద్ది గంటల పని. కల్లములో ఎండుటకు మాత్రము పది పదిహేను దినములు పడుతుంది. మబ్బు పట్టిందని తొందరపడి పచ్చిగానే పాలిష్ పట్టిస్తే పైకి మెరుస్తుంది, లోపల తేమ ఉండి బూజు పడుతుంది. యార్డులో కొనేవాడు ఒక కొమ్మును విరిచి చూస్తాడు. బాగా ఎండినది ఖంగున విరుగుతుంది. మెరుపు చూచి ధర వేయడు. మన పిల్లల చదువు కూడా అంతే. మార్కుల కాగితము పాలిష్ వంటిది. పై తరగతి పాఠము ఆ కొమ్మును విరిచి చూస్తుంది.

ఆ దినము మేము హాస్టలు బయట చెట్టు క్రింద కూర్చొని మాట్లాడుకొన్నాము. సబ్జెక్టు విడిచిపెట్టుటకు చివరి తేదీ ఇంకా నాలుగు దినములున్నది. తండ్రి చాలాసేపు నేల చూస్తూ ఉండి, “ఒక్క మడి ఎండితే రెండో మడికన్న నీళ్లు పెట్టుకోవాలె బిడ్డా. అది ఇడిచిపెట్టు” అన్నాడు. ఆ మాట నేను చెప్పగలిగినది కాదు. ఫీజు పోగొట్టుకొన్నవాడు ఆయన. ఆమె సర్క్యూట్లు విడిచిపెట్టింది, గణితము ఒక్కటే చదివింది, పాసైంది. సర్క్యూట్లు తరువాతి సెమిస్టరులో, సిగ్నల్స్ ఆ పై సంవత్సరము పూర్తిచేసింది. డిగ్రీ ఆరు నెలలు ఆలస్యమైనది. తోటివారి ఉద్యోగముల వార్తలు వచ్చినప్పుడు ఆ ఇంటిలో కొన్నాళ్లు ఎవరూ సరిగా మాట్లాడలేదు. నేడు ఆమె సబ్‌స్టేషన్ల పనులు చేసే ఒక సంస్థలో ఉద్యోగము చేస్తూ ఋణము తీరుస్తున్నది.

తలిదండ్రులారా, మీ పిల్లలు వేసవిలో చదువుతామంటే వద్దనకండి. అయితే ముందు మూడు సంగతులు అడగండి. ఎన్ని వారములు, వారమునకు ఎన్ని గంటలు? ఈ సబ్జెక్టుకు ఆధారమైన సబ్జెక్టు వచ్చినదా? విడిచిపెట్టుటకు చివరి తేదీ ఏది, అప్పుడు ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? ఈ మూడింటికి జవాబు లేనప్పుడు డబ్బు పంపుటకు తొందరపడవద్దు. కష్టమైన సబ్జెక్టయితే ఒక్కటే చాలు. ఆ ఎనిమిది వారములు పెండ్లిండ్లకు, పండుగలకు పిలువకండి. అక్కడ ఒక దినము పోతే మామూలు సెమిస్టరులో రెండు దినములు పోయినట్లు. ఫోను చేసినప్పుడు మార్కులకన్న ముందు తిన్నావా, నిద్రపోయావా అని అడగండి.

పిల్లలారా, టర్ము మొదలుకాకముందే మొదటి రెండు అధ్యాయములు చదివి వెళ్లండి. ఆనాటి లెక్కలు ఆనాడే పుస్తకము మూసి చేయండి. అర్థము కానిది రెండవ దినమునకు మిగలనీయక అధ్యాపకుని గదికి వెళ్లి అడగండి. పాసైన తరువాత కూడా రెండు మూడు నెలలు, వారమునకు ఒకసారి ఆ లెక్కలు తిరిగి చేయండి. ఆ వ్యవధి వేసవి ఇవ్వలేదు, మీరే ఇచ్చుకోవాలి.

గోపురము కట్టబోవువాడు ముందు కూర్చొని ఖర్చు లెక్కచూచుకొనే ఉపమానము మీకు తెలిసినదే. ఆ లెక్కలో డబ్బుతోపాటు వారములను, నిద్రను, ఏ అంతస్తు ముందు కట్టాలో దానిని కూడా వేసుకొందాము. ఆ పాఠము నాకు ఒక పసుపు రైతు నేర్పాడు. ఈ వేసవిలో పుస్తకములతో కూర్చొన్న మన బిడ్డలందరిని ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనండి.