కుక్కంటే భయం, ఆ తర్వాత స్నేహం

కుక్కలంటే భయం చాలామందిలో పదేళ్లలోపే మొదలవుతుంది. పసితనంలో ఆ భయం ఉండటం వింతేమీ కాదు. మూడేళ్ల పిల్ల నిలబడితే పెద్ద కుక్క మూతి సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా వస్తుంది, కోరలు కళ్ల ముందే కనిపిస్తాయి. ఎదిగేకొద్దీ ఎక్కువమందిలో ఇది దానంతటదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం నలభై ఏళ్లొచ్చినా అలాగే ఉండిపోతుంది. సందు మొదట్లో కుక్క పడుకుందని చుట్టుతిరిగి వెళ్లడం, చుట్టాలింటికి బయల్దేరేముందు “కుక్కను కట్టేశారా?” అని ఫోన్ చేసి అడగడం, తెల్లవారుజామున నడకకు వెళ్లడం మానుకోవడం వీళ్లకు మామూలే. ఇది ఆరు నెలలకు మించి సాగి, రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే వైద్యులు ఫోబియాగా లెక్కిస్తారు. ఫోబియాల్లో చికిత్సకు బాగా లొంగేవాటిలో ఇదొకటి. ఒకప్పుడు కుక్కను చూసి గోడెక్కినవాళ్లు తర్వాత దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెవుల వెనక గోకడం నమ్మలేని సంగతేమీ కాదు.

భయం మనిషిలోకి మూడు దారుల్లో వస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ రాక్‌మన్ 1977లో వివరించాడు. కుక్క కరవడమో, వెంటపడటమో, మీదికి దూకడమో మొదటి దారి. ఇతరులను చూసి నేర్చుకోవడం రెండోది. అమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తున్న పిల్లాడికి కుక్క ఎదురైన క్షణంలో ఆ చెయ్యి బిగుసుకోవడం తెలుస్తుంది. కుక్క తన దారిన తాను పోయినా వాడికి అందాల్సిన పాఠం అందిపోయింది. మూడోది విని నేర్చుకోవడం. మన ఇళ్లలో దీనికి కొరతే లేదు. అన్నం తినకపోతే కుక్కకు పట్టిస్తామనే బెదిరింపుతో మొదలై, బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడుస్తారనే మాట దాకా అంతా విన్నదే.

ఆ ఇంజెక్షన్ల మాట కట్టుకథ కాదు. డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు కసౌలిలో తయారుచేసిన పద్ధతి ప్రకారం గొర్రెల మెదడు కణజాలంతో చేసిన రేబిస్ టీకాను మన దేశంలో దశాబ్దాల పాటు పొట్ట చర్మం కింద రోజుకొకటి చొప్పున వేసేవారు. నొప్పి ఎక్కువ, అరుదుగా నరాలకు సంబంధించిన దుష్ఫలితాలూ ఉండేవి. ఆ టీకా తయారీని 2004 చివర్లో ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో వేసేది చాలా కొద్ది మోతాదులో, రెండు జబ్బల చర్మంలోకి, మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో. టీకా మారి ఇరవై ఏళ్లు దాటినా బొడ్డు చుట్టూ పొడుస్తారనే మాట మాత్రం మారలేదు. కుక్క కన్నా ఆ సూదులకే ఎక్కువ భయపడినవాళ్లు ఒక తరం నిండా ఉన్నారు. దాని వల్ల జరిగిన అసలు నష్టం వేరే ఉంది. సూదులకు భయపడి, కుక్క కరిచిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాచిన పిల్లలుండేవారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు కాబట్టి అన్నిటికన్నా ప్రమాదకరమైన భయం అదే.

పుట్టిన భయం ఏళ్ల తరబడి ఎందుకు నిలిచిపోతుంది? మనస్తత్వ శాస్త్రవేత్త ఓ. హెచ్. మౌరర్ 1947లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ చెల్లుతుంది. కుక్కను చూసి పక్క సందులోకి మళ్లగానే గుండెదడ తగ్గి ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరట కోసం మనిషి మళ్లీ మళ్లీ తప్పుకుంటాడు. తప్పుకున్న ప్రతిసారీ, అక్కడే నిలబడి ఉంటే ఏం జరిగేదో తెలుసుకునే అవకాశం పోతుంది. కుక్క వైపు నుంచీ ఇబ్బంది ఉంది. పరుగెత్తేదాన్ని తరమడం దాని సహజ గుణం. భయపడ్డ మనిషి పరుగెత్తుతాడు, కుక్క తరుముతుంది, తన భయం నిజమేనని మనిషికి రుజువు దొరుకుతుంది.

ఈ ముడిని విప్పే పద్ధతి గురించి చెప్పాలంటే ఒక విషాద ప్రయోగంతో మొదలుపెట్టాలి. 1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అమెరికాలో ఏడాది నిండని ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకను చూపిస్తూ, వెనకనుంచి ఇనప కడ్డీని సుత్తితో మోగించారు. కొన్నిసార్లకే ఎలుక కనిపిస్తే చాలు వాడు ఏడవసాగాడు. ఆ భయం కుందేలుకు, కుక్కకు కూడా పాకింది. పుట్టించిన భయాన్ని పోగొట్టే ప్రయత్నం వాళ్లు చేయలేదు. ఈ రోజుల్లో అయితే అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు.

పోగొట్టే పని మేరీ కవర్ జోన్స్ చేసింది. ఆమె 1924లో ప్రచురించిన పరిశోధనలో పీటర్ అనే మూడేళ్ల పిల్లవాడికి కుందేలంటే భయం. కుందేలు గదిలో బోనులో ఉన్నా వాడు తట్టుకోలేకపోయేవాడు. దాన్ని ముందు పన్నెండు అడుగుల దూరంలో ఉంచారు, తర్వాత నాలుగు అడుగులకు, మూడడుగులకు జరిపారు. భయం లేని ఇతర పిల్లలను కూడా పక్కన ఉంచి ఆడనిచ్చారు. అంతా సవ్యంగా సాగుతుండగా పీటర్‌కు జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరాడు. నయమై తిరిగి వెళుతూ టాక్సీ ఎక్కబోతుంటే అటుగా పరుగెత్తుకొచ్చిన పెద్ద కుక్క ఒకటి మీదికి దూకింది. పిల్లాడితో పాటు నర్సు కూడా హడలిపోయింది. అంతవరకు సాధించినదంతా పోయి భయం మళ్లీ మొదటికొచ్చింది. జోన్స్ ఈసారి పీటర్‌కు ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు, తన వేళ్లను కొరకనిచ్చాడు కూడా. దూరం నుంచి దగ్గరికి, హాయిగా ఉన్న స్థితిలో, మెట్టు మెట్టుగా అనే ఈ పద్ధతినే జోసెఫ్ వోల్పే 1950లలో పెద్దల చికిత్సగా మలిచాడు.

కుక్కల విషయంలో నేరుగా జరిగిన ప్రసిద్ధ ప్రయోగం 1967 నాటిది. ఆల్బర్ట్ బందూరా బృందం కుక్కలంటే భయపడే 48 మంది పిల్లలను తీసుకుంది. వాళ్లంతా మూడు నుంచి అయిదేళ్లవాళ్లు. వాళ్లలో కొందరికి, భయం లేని నాలుగేళ్ల పిల్లవాడు కుక్కతో ఆడుకోవడాన్ని నాలుగు రోజుల్లో ఎనిమిదిసార్లు చూపించారు. వాడు రోజురోజుకీ కుక్కకు దగ్గరవుతూ, చివరికి దానితో పాటు కంచెలోపలికి వెళ్లిపోయేవాడు. చూస్తున్న పిల్లలను ఎవరూ బలవంతం చేయలేదు, ధైర్యం చెప్పే ఉపన్యాసాలూ లేవు. తర్వాత పరీక్షిస్తే, అలా చూసిన పిల్లల్లో మూడింట రెండొంతుల మంది గదిలో ఎవరూ లేనప్పుడు కూడా కంచెలో కుక్కతో ఒంటరిగా ఉండగలిగారు. తోటి పిల్లవాడి చెయ్యి కుక్క వీపు మీద నిదానంగా కదలడం చూస్తే వచ్చే నమ్మకం, పెద్దలు “ఏం చేయదులే” అని వందసార్లు అన్నా రాదు. అసలు ఆ మాటను భయపడేవాళ్లు ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మానసిక నిపుణులు అనుసరించేదీ ఈ దారినే. స్వీడన్‌కు చెందిన లార్స్ యోరాన్ ఓస్ట్ 1980ల చివర్లో దీన్ని మూడు గంటల్లోపే ముగిసే ఒకే విడత చికిత్సగా కుదించాడు. ఇంటి దగ్గర ప్రయత్నించేవాళ్లకు వారాలు, నెలలు పట్టవచ్చు, తొందరేమీ లేదు. మొదటి కుక్కను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. కుక్కపిల్లే మేలనుకుంటారు గానీ అది పొరపాటు. పిల్ల కుక్క ఎగురుతుంది, చేతులను పళ్లతో పట్టి లాగుతుంది, ఎప్పుడేం చేస్తుందో తెలియదు. వయసు మళ్లిన, నెమ్మదైన, మనుషులకు అలవాటుపడిన, టీకాలు వేసిన కుక్క కావాలి. దాని మెడపట్టీ తాడు యజమాని చేతిలో ఉండాలి. ముందు దూరంగా కూర్చుని చూడటం, తర్వాత ముగ్గురూ ఒకే వైపు కలిసి నడవడం, ఆ తర్వాత యజమాని కుక్క తలను తనవైపు తిప్పి పట్టుకుంటే దాని వీపును ఒక్కసారి తాకడం. భయం తగ్గేదాకా ప్రతి మెట్టు మీదా ఆగాలి. దడ ఎక్కువగా ఉన్నప్పుడే వెనుదిరిగితే తప్పుకునే పాత అలవాటే గట్టిపడుతుంది.

తాకే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. కొత్త కుక్క తల మీదికి పైనుంచి చెయ్యి దించకూడదు, దానికది బెదిరింపులా ఉంటుంది. పక్కకు తిరిగి నిలబడి, చెయ్యి కిందికి వదిలేసి, అదే వచ్చి వాసన చూసేదాకా ఆగాలి. వాసన చూసి అక్కడే నిలబడితే గడ్డం కిందో, రొమ్ము మీదో రెండు మూడుసార్లు నిమిరి చెయ్యి తీసేయాలి. ఇంకా కావాలనుకుంటే అది దగ్గరికి జరుగుతుంది, వద్దనుకుంటే ముఖం తిప్పుకుంటుంది.

కుక్క చెప్పేది అర్థం కావడం మొదలైన దగ్గర నుంచి భయం వేగంగా తగ్గుతుంది. ఆకలి లేకుండా పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం ఇబ్బందికి గుర్తులు. ఒళ్లంతా బిగుసుకుని కదలకుండా ఉండిపోతే మరీ జాగ్రత్త పడాలి. ముందు కాళ్లు నేలకానించి వెనక భాగం పైకెత్తితే ఆటకు పిలుపు. తోక ఊపితే సంతోషమేననుకోవడం సరికాదు. యజమానిని చూసినప్పుడు తోక తన కుడివైపుకు, బలమైన కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగుతుందని 2007లో ఇటలీ పరిశోధకులు గమనించారు. అరిచే కుక్క కరవదన్న సామెతను మాత్రం నమ్మకపోవడమే మంచిది, అరిచి కరిచే కుక్కలు బోలెడు.

భయం పోవడానికీ ఇష్టం కలగడానికీ మధ్య దూరం అనుకున్నంత ఉండదు. 2015లో జపాన్ పరిశోధకులు, కుక్కా యజమానీ ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని చూపించారు. తల్లీబిడ్డల మమకారంలో పాత్ర ఉన్నది ఈ హార్మోనుకే. మనుషుల దగ్గర పెరిగిన తోడేళ్లలో అది కనిపించలేదు. వేల ఏళ్లుగా మనిషితో బతికిన జంతువుకే ఆ చూపు అబ్బింది. ఒకప్పుడు భయపడినవాళ్లకు ఇక్కడో మేలు కూడా ఉంది. చిన్నప్పటినుంచీ కుక్కల మధ్య పెరిగినవాళ్లు చనువు కొద్దీ దాని అయిష్టాన్ని పట్టించుకోరు. ఇంట్లోవో, బాగా తెలిసినవో అయిన కుక్కలూ పిల్లలను కరుస్తాయన్నది మరవకూడదు. భయాన్ని దాటి వచ్చినవాళ్లయితే కుక్క చెవులనూ తోకనూ గమనించడం కష్టపడి నేర్చుకున్నవాళ్లు, అనుమతి అడగనిదే తాకరు.

అయితే నేర్చుకున్న ధైర్యం పాత భయాన్ని చెరిపేయదు, దాని పైన మరో పాఠంగా నిలుస్తుంది. అణగిన స్పందన కొంత విరామం తర్వాత తిరిగి తలెత్తుతుందని మొదట గమనించింది పావ్లోవ్, అదీ కుక్కల మీద ప్రయోగాల్లోనే. అందుకే ఒకే కుక్కతో ఆగిపోకుండా రకరకాల కుక్కలను, వేర్వేరు చోట్ల కలుస్తూ ఉండాలంటారు.

వీధికుక్కల సంగతి మాత్రం వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కల గుంపు దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. అలాంటి చోట జాగ్రత్తను ఫోబియా అనలేం. గుంపు ఎదురైతే పరుగెత్తకూడదు, కళ్లలోకి చూడకూడదు, చేతులు ఒంటికి ఆనించి నిలబడి, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి జరగాలి. బండి వెంటపడితే వేగం పెంచడం కన్నా తగ్గించడమే నయం, చాలాసార్లు తరమడం ఆపేస్తాయి. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, అప్పుడే రేబిస్ టీకా కూడా వేశారని అర్థం. ఆ టీకా ఏటేటా మళ్లీ వేస్తున్నారో లేదో మాత్రం చెవిని చూసి చెప్పలేం. కాబట్టి ఏ కుక్క కరిచినా, గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పావుగంట కడగాలి, పసుపూ సున్నమూ పెట్టకూడదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం తెగి రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్‌ను కూడా గాయం లోపల, చుట్టూ వేస్తారు.