కంప్యూటర్‌కు ముడిపడ్డ ప్రోగ్రాము

1976 ఫిబ్రవరిలో 20 ఏళ్ల బిల్ గేట్స్, ఆల్టెయిర్ కంప్యూటర్ల అభిమానులకు కోపంగా ఒక బహిరంగ లేఖ రాశాడు. తాము రాసిన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను అందరూ వాడుతున్నారట, డబ్బిచ్చి కొన్నవాళ్లు పదో వంతు కూడా లేరట. అది ఉన్న పేపర్ టేపుకు నకలు తీస్తే అది అసలు టేపంత బాగానూ పనిచేస్తుంది. అలాంటి సరుకును కాపాడేదెలా?

నకలు తీయలేని వస్తువును దానికి జతచేయాలి. కమొడోర్ పెట్ కంప్యూటర్‌లో పనిచేసే వర్డ్‌క్రాఫ్ట్ అనే టైపింగ్ ప్రోగ్రాము 1980 ప్రాంతంలో ఆ పనే చేసింది. దాంతోపాటు ఒక చిన్న దిమ్మ ఇచ్చేవారు. క్యాసెట్ పోర్టుకు దాన్ని తగిలించాలి. ప్రోగ్రాము ఒక సంకేతం పంపితే దిమ్మలోని చిప్ జవాబు చెబుతుంది. జవాబు రాకపోతే ప్రోగ్రాము నడవదు. లోపలేముందో ఎవరూ చూడకుండా దిమ్మను రెజిన్‌తో నింపేశారు. డాంగిల్ అన్న పేరు అక్కడే పుట్టిందంటారు. ఐబీఎం పీసీల కాలానికి అది ప్రింటర్ పోర్టుకు మారింది. మూడు ఖరీదైన ప్రోగ్రాములున్నవాడి కంప్యూటర్ వెనక మూడు డాంగిళ్లు ఒకదాని వెనక ఒకటి, వాటి చివర ప్రింటర్ కేబులు.

కానీ తనిఖీ ఎంత పకడ్బందీగా రాసినా, చివరికది ఒక్క నిర్ణయం దగ్గరికే వస్తుంది: జవాబు వస్తే ముందుకు, రాకపోతే అక్కడితో ఆపు. ఆ చోట ఒకటి రెండు బైట్లు మార్చి, ఎప్పుడూ ముందుకే వెళ్లేలా చేస్తే చాలు. డాంగిల్‌ను ఎవరూ పగలగొట్టక్కర్లేదు, దాన్ని అడగడమే మాన్పిస్తారు. అందుకే తయారీదారులు ప్రోగ్రాము చేసే లెక్కల్లో కొంత భాగాన్ని డాంగిల్‌లోకే తరలించారు.

కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ ఖర్చు గిట్టదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో మైక్రోసాఫ్ట్ కంప్యూటర్‌నే డాంగిల్‌గా మార్చింది. ప్రాసెసర్, హార్డ్‌డిస్క్, ర్యామ్, నెట్‌వర్క్ కార్డు వంటి 10 వివరాలు చదివి, ఒక్కోదాన్నీ హ్యాష్ చేసి, అంటే లెక్కకట్టి చిన్న సంఖ్యగా కుదించి, ఎక్స్‌పీ కొద్ది బిట్లే ఉంచుకునేది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. నెట్‌వర్క్ కార్డు చిరునామా 48 బిట్లు. అందులోంచి మిగిల్చేది 10 బిట్లే, అంటే 1,024 విలువలు. 281 లక్షల కోట్ల చిరునామాలు ఆ 1,024లో సర్దుకోవాలి కాబట్టి, అసలు చిరునామాను వెనక్కి రాబట్టడం కుదరదు. ఒకటి రెండు భాగాలు మార్చినా ఎక్స్‌పీ ఊరుకునేది. మరీ ఎక్కువ మారితే కొత్త కంప్యూటర్ అనుకుని మళ్లీ అనుమతి, అంటే యాక్టివేషన్, అడిగేది.

ఇంత నేర్పుగా చేసినదానికి పెద్ద కంతను కంపెనీయే వదిలింది. సంస్థలకు టోకున అమ్మిన ఎక్స్‌పీకి ఈ యాక్టివేషన్ అక్కర్లేకపోయింది. దాని కీ ఒకటి విడుదలకు ముందే బయటికి పొక్కింది. దొంగ కాపీలవాళ్లు దర్జాగా వాడుకున్నారు. డబ్బు పెట్టి కొన్నవాడు మాత్రం, ఇంటర్నెట్ లేకపోతే, 50 అంకెల సంఖ్యను మైక్రోసాఫ్ట్‌కు ఫోన్‌లో అప్పజెప్పాల్సి వచ్చేది. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది. అమెరికాలో పన్ను లెక్కల ప్రోగ్రాము టర్బోట్యాక్స్‌లోనూ ఇలాంటి యాక్టివేషనే పెట్టారు. కొనుగోలుదారులు తిరగబడటంతో ఇంట్యూట్ కంపెనీ 2003లో దాన్ని తీసేసింది.

మదర్‌బోర్డు కాలిపోతే లైసెన్సు కూడా పోవాలా? 2016లో విండోస్ 10 కొత్త దారి చూపింది. డిజిటల్ లైసెన్సును వాడేవాడి మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేసుకోవచ్చు. బోర్డు మార్చాక అదే ఖాతాతో లాగిన్ అయి, తన పేరు కింద ఉన్న పాత కంప్యూటర్‌ను ఎంచుకుని మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు.