మన బీళ్లలోని తుమ్మెదలు, మిడతలు

నిర్మల్ నుంచి ఆదిలాబాదుకు పోయే 44వ జాతీయ రహదారిపై ఇచ్చోడ దగ్గర దిగి, చేల గట్ల వెంట కొంతదూరం నడిస్తే బీడు భూములు ఎదురవుతవి. నల్లరేగడి నేలలో పత్తి, జొన్న, కంది పండుతవి. నాగలి దిగని రాతినేలలో గడ్డి, తంగేడు, జిల్లేడు పెరుగుతవి. ఎందుకూ కొరగాని నేల అని మనం దానిని దాటిపోతాము. కాని ఉదయంవేళ ఒక జిల్లేడు పొద ముందు పావుగంట సేపు కదలక నిలిచి చూడండి. పూల మీద ఝుంకారం చేస్తూ తుమ్మెద వ్రాలుతుంది. ఆకుల మాటున రంగురంగుల మిడత కనబడుతుంది. ఈ రెండింటినీ గుర్తుపట్టడమెట్లా, గుర్తుపట్టినందువలన మనకు కలిగే మేలేమిటి అన్నదే ఈనాటి ప్రసంగ విషయము.

ఇంగ్లండులో హీత్ అని పిలిచే పొదల బీళ్లు ఉన్నవి. అక్కడ ప్రకృతి ప్రియులు వేసవిలో తిరుగుతూ, ఒంటినిండా దట్టమైన నూగుతో బొద్దుగా ఉండే బంబుల్ తేనెటీగలను, మిడతలను జాతివారీగా పోల్చుకొని పుస్తకంలో వ్రాసుకుంటారు. ఆ బంబుల్ తేనెటీగలు ప్రధానంగా చలిప్రదేశాలకు చెందినవి. మన దేశంలో హిమాలయ ప్రాంతాలలో ఉన్నవి గాని, దక్కను పీఠభూమిలో లేవు. అక్కడ అవి చేసే పనిని ఇక్కడ చాలావరకు చేసేది మన తుమ్మెద.

తుమ్మెదను కవుల వర్ణనలలో ఎరుగనివారు లేరు. కంటితో పరీక్షించి చూచినవారు మాత్రం తక్కువ. అది సుమారు అంగుళం పొడవు ఉంటుంది. శరీరం కాటుకవలె నలుపు. ఎండ పడినప్పుడు రెక్కలు నీలం, ఊదా రంగులు కలిసినట్లు మెరుస్తవి. వెనుకభాగం నున్నగా నిగనిగలాడుతుంది. నూగు లేని ఈ నునుపే దానిని బంబుల్ తేనెటీగ నుంచి వేరుచేసే మొదటి గుర్తు. మరొక జాతిలో ఆడదాని వీపు పసుపుపచ్చగా ఉంటే, మగదానికి ఒళ్లంతా పచ్చని నూగే. కందిరీగకు నడుము సన్నం, నూగు తక్కువ. ఈగకు ఉన్నవి రెండే రెక్కలు. తుమ్మెదకు, తేనెటీగకు నాలుగు.

తుమ్మెద పట్టు పెట్టదు. ఎండిన కొమ్మను, వెదురును, ఒక్కొక్కసారి మన ఇంటి వాసాన్ని దవడలతో గుండ్రంగా తొలిచి లోపల వరుసగా గదులు చేసుకుంటుంది. ఒక్కొక్క గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్దను ఉంచి, దానిమీద ఒక గుడ్డు పెట్టి, చెక్కపొడితో అడ్డుగోడ కడుతుంది. మగదానికి కొండి లేదు. ఆడది చేతిలో నలిగితే తప్ప సాధారణంగా కుట్టదు. వాసాలకు రంగు పూసి, పెరటిలో ఒక మూల ఎండు వెదుళ్లు వేసి ఉంచితే ఇంటికీ నష్టముండదు, దానికీ నీడ దొరుకుతుంది.

తుమ్మెద చేసే ఉపకారం దాని ధ్వనిలోనే ఉన్నది. తంగేడు, వంగ పూలలో పుప్పొడి తిత్తులు చీలి విచ్చుకోవు. వాటి కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. పట్టు పెట్టే తేనెటీగకు ఆ పుప్పొడిని రాల్చే నేర్పు లేదు. తుమ్మెద పువ్వును కరచి పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అదరగొడుతుంది. ఆ అదురుకు పుప్పొడి ఉప్పుడబ్బా నుంచి ఉప్పు రాలినట్లు రాలుతుంది. పొట్టపై నీలిచారలున్న చిన్న తేనెటీగ కూడా ఈ విద్య నేర్చినదే. అది మట్టిలోను, మట్టిగోడలలోను గూడు చేసుకుంటుంది. రాత్రివేళ సన్నని కాడను దవడలతో కరచుకొని నిద్రిస్తుంది. వంగపూల దగ్గర ఝుంకారం ఒక్కసారి సన్నగా, గట్టిగా మారితే పుప్పొడి రాలుతున్నదని గ్రహించవచ్చును. బతుకమ్మను పేర్చే తంగేడు మరుసటి ఏటికి విత్తనమై మిగలడం వెనుక ఈ జీవుల శ్రమ ఉన్నది.

ఇక మిడతల సంగతి. ముందుగా మీసాలను చూడండి. మీసాలు పొట్టిగా ఉంటే అది మిడత. శరీరం కంటె పొడవుగా, దారంవలె సన్నగా ఉంటే అది కీచురాయికి దగ్గరి బంధువు. ధ్వనిలోనూ భేదమున్నది. గడ్డిమిడతలలో పలుజాతులు వెనుక కాలిని రెక్కకు రాచి శబ్దం చేస్తవి. కీచురాయి రెక్కను రెక్కకు రాస్తుంది. మిడత చెవులు పొట్ట మొదట ఉంటే, కీచురాయి చెవులు ముందుకాళ్లలో ఉంటవి.

బీళ్లలో కనబడే మిడతలలో మూడింటిని తేలికగా గుర్తించవచ్చును. శంకువువలె మొనదేలిన తల, ఏటవాలు ముఖముతో గడ్డిపోచలో కలిసిపోయేది ఒకటి. మెడపై పలక మీద అక్షరాలవంటి నల్లని గీతలున్న పచ్చమిడత రెండవది. ఇది వరికి, జొన్నకు శత్రువు. వానకాలం చివర గట్లలో గుడ్లు పెడుతుంది. అవి మరుసటి తొలకరికి పిల్లలవుతవి. వేసవిలో గట్లు చెక్కి గుడ్లను ఎండకు, పిట్టలకు అప్పగించడమే పెద్దలనాటి మంచి ఉపాయము. మూడవది జిల్లేడు మిడత. పసుపు, నీలం పట్టెలతో చిత్రకారుడు రంగులద్దినట్లు ఉంటుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట దాచుకోవడంచేత పిట్టలు దీని జోలికి పోవు. ఆ రంగులు వాటికి హెచ్చరిక. దీని పిల్లను వేళ్లతో నొక్కితే ద్రవాన్ని చిమ్ముతుంది.

ఈ మూడవదానిని గుర్తుపట్టలేకపోతే ఏమవుతుందో 2020 మే నెలలో చూచినాము. ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మహారాష్ట్రలోని విదర్భకు వచ్చినది. పొరుగుననే ఉన్న ఆదిలాబాదు రైతులకు అది దూరపు వార్త కాదు. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసినది. భయం అకారణమైనది కాదు. చదరపు కిలోమీటరు దండులో 4 కోట్లకు పైగా మిడతలుండవచ్చును. అవి ఒక్కరోజులో 35,000 మంది తినేటంత తింటవి. ఆ రోజులలోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్టునిండా మిడతలు కనబడగా, దండు దిగినదని జనం కలవరపడినారు. అవి ఎడారి మిడతలు కావు, జిల్లేడును ఆశ్రయించే స్థానిక మిడతలని నిపుణులు తేల్చినారు.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. దండులోని ఎడారి మిడత లేతవయసులో గులాబిరంగు, ముదిరిన తరువాత పసుపురంగు, నీలి పట్టెలుండవు. పగలు గుంపుగా ఎగురుతూ దాదాపు ప్రతి పచ్చని మొక్కనూ తింటుంది. జిల్లేడు మిడత సాధారణంగా జిల్లేడును విడిచి పోదు.

తొందరపడి ఆ పొదపై మందు చల్లితే చచ్చేది మిడత ఒక్కటే కాదు. జిల్లేడు పూల కోసం వచ్చిన తుమ్మెద కూడా చస్తుంది. ఆ తుమ్మెద మరునాడు మన వంగతోటకు, కందిచేనుకు రావలసినది. చేనుకు మందు తప్పనిసరియైన నాడు కూడా పూలు విచ్చి తుమ్మెదలు తిరిగే వేళ విడిచి, సాయంకాలం చల్లడం మేలు. పురుగును చూచిన వెంటనే మందుడబ్బా వెదకక, దాని మీసాలెట్లా ఉన్నవి, రెక్కలెన్ని, ఏ మొక్కపై వ్రాలినది అని పిల్లలను అడిగి చూడండి. వారి కళ్లు మన కళ్లకంటె చురుకైనవి. జవాబు తెలిసిన తరువాత ఆ మందుడబ్బా అవసరం చాలాసార్లు ఉండదు.