చేతులు కట్టుకున్నవాడు ఏం దాస్తున్నాడు?

మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా ఏడు శాతమే, మిగతా తొంభై మూడూ హావభావాలదే అన్న లెక్క వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోనూ, ఇంటర్వ్యూ శిక్షణ తరగతుల్లోనూ వేదవాక్కులా చలామణీ అవుతోంది. అదే నిజమైతే సబ్‌టైటిల్స్ తీసేసి కొరియన్ సినిమా చూసినా కథంతా బోధపడాలి. పడదు. ఈ అంకెల మూలం 1967 నాటి రెండు చిన్న ప్రయోగాల్లో ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరులతో కలిసి వాటిని చేశాడు. ఒకదాంట్లో విడివిడి మాటల్ని ఇష్టంగా, అయిష్టంగా, ఏ భావమూ లేకుండా పలికించి వినిపించారు. రెండోదాంట్లో ‘బహుశా’ అనే అర్థమున్న ఒకే ఒక్క ఇంగ్లిషు మాటను మూడు రకాల స్వరాల్లో వినిపిస్తూ, మనుషుల ముఖాల ఫొటోలు చూపించారు. ఆ పలికిన మనిషికి ఎదుటివారంటే ఇష్టమో కాదో చెప్పమన్నారు. మాట ఒకటంటూ ముఖం ఇంకొకటంటుంటే జనం దేన్ని నమ్ముతారన్నది ఆయన ప్రశ్న. ముఖానికి 55, స్వరానికి 38, మాటకు 7 అన్న లెక్క అలా తేలింది. ఇష్టాయిష్టాల సంగతి దాటితే ఈ సూత్రం వర్తించదని ఆయనే స్పష్టం చేశాడు. జనం ఆ షరతును వదిలేసి అంకెల్ని పట్టుకున్నారు.

అలాగని హావభావాలకు విలువ లేదనడం ఇంకో తప్పు. ఎదుటి మనిషి మనపట్ల ఎలా ఉన్నాడో చెప్పడంలో వాటిదే పైచేయి. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ పరిశోధకుడు నెలల పసిపిల్లల మీద చేసిన ప్రయోగం ఇందుకు మంచి సాక్ష్యం. తల్లి బిడ్డను ఆడిస్తూ ఆడిస్తూ ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డనే చూస్తూ ఉండిపోవాలి. తిట్టేదీ కొట్టేదీ లేదు. బిడ్డ మొదట నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, తల్లి ముఖంలో మళ్లీ చలనం తెప్పించాలని నానా ప్రయత్నాలూ చేస్తుంది. ఏదీ పారకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుపు అందుకుంటుంది. మాట పుట్టకముందే ఈ లావాదేవీ మొదలవుతుందన్నమాట. పెద్దయ్యాకా అది పోదు. భారత సంతతికి చెందిన నళిని అంబాడి అనే పరిశోధకురాలు 2002లో సర్జన్లు రోగులతో మాట్లాడిన తునకల్ని, మాటలు అర్థం కాకుండా స్వరం మాత్రమే మిగిలేలా వడగట్టి కొందరికి వినిపించింది. ఎవరి గొంతులో పెత్తనం ఎక్కువ ధ్వనించిందో, ఆ సర్జన్ల మీదే గతంలో రోగులు కేసులు వేసి ఉండే అవకాశం ఎక్కువగా కనిపించింది. డాక్టరు ఏం చెప్పాడన్నదాంతో పాటు ఎలా చెప్పాడన్నదీ రోగి మనసులో నాటుకుంటుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కల్లా ఇక్కడి నుంచి ఒక్క గెంతు గెంతి, ‘చూడగానే మనసులో దాచుకున్నది చెప్పేయొచ్చు’ అనడంలో ఉంది. అబద్ధాల సంగతే తీసుకోండి. అబద్ధం చెప్పేవాణ్ని ఎలా గుర్తుపడతారని 58 దేశాల్లో అడిగితే, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు ఒక్కటే: కళ్లలోకి చూడడు. దేశాలు వేరైనా నమ్మకం మాత్రం ఒకటే. కానీ పరిశోధనలన్నీ పోగేసి చూస్తే చూపు తప్పించడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధమే తేలలేదు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు 2006లో ఇరవై నాలుగు వేల మందికి పైగా ఇచ్చిన తీర్పుల్ని కలిపి లెక్కగడితే, నిజమో అబద్ధమో సరిగ్గా పోల్చింది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. పోలీసుల్లాంటి అనుభవజ్ఞులూ ఇందులో మామూలు జనాన్ని మించిపోలేదు. అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల వాలకం చూసి ప్రమాదకారుల్ని పసిగట్టే పథకం మీద 2007 నుంచి దాదాపు 90 కోట్ల డాలర్లు పోశారు. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదు, నిధులకు కత్తెర వేయాలని 2013లో ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థే సిఫారసు చేసింది.

మరి అమ్మకు మన ముఖం చూడగానే తెలిసిపోతుంది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, తెలుస్తుంది. ఆమె దగ్గర మన ఇరవై ఏళ్ల ముఖాలున్నాయి. ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు ఇవాళ అన్నం కెలుకుతున్నాడంటే ఆ తేడా ఆమెకు పట్టుబడుతుంది. అరగంట ఇంటర్వ్యూలో ఎదురుపడ్డ కొత్త మనిషి మామూలుగా ఎలా ఉంటాడో మనకు తెలిసే దారే లేదు. ఇంకో అభ్యంతరం కాస్త గట్టిది: పాపువా న్యూగినీ అడవుల్లోని ఫోరే జనం కూడా ముఖాల ఫొటోల్లో సంతోషాన్నీ కోపాన్నీ గుర్తుపట్టారని పాల్ ఎక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నిరూపించాడు కదా? గుర్తుపట్టారు. అయితే అవి కావాలని పెట్టిన ముఖాలు. నిజ జీవితంలో కోపమొచ్చిన ప్రతివాడూ కనుబొమలు ముడవడు, ముడిచిన ప్రతివాడికీ కోపం ఉండదు. ఈ సంగతిని మనస్తత్వ శాస్త్రవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో వందలాది అధ్యయనాల్ని జల్లెడపట్టి చెప్పింది.

సైగకు కట్టుదిట్టమైన శాస్త్రమున్న చోటే ఏం జరుగుతుందో చూడండి. కూచిపూడి నేర్చుకునేవాళ్లకు తెలిసిన అభినయ దర్పణం అనే గ్రంథాన్ని కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామితో కలిసి 1917లో ఇంగ్లిషులోకి తెచ్చింది మన చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యే. అందులో మొట్టమొదటి హస్తం పతాకం: నాలుగు వేళ్లూ చేర్చి నిటారుగా చాపి, బొటనవేలు మడవాలి. అదే చెయ్యి మబ్బు, అడవి, రాత్రి, నది, గుర్రం, గాలి, నిద్ర, వద్దనడం. వీటిలో ఏదన్నది పాటా చూపూ కలిస్తేనే తేలుతుంది. శతాబ్దాలుగా నియమాలు రాసుకున్న కళలోనే ఒక చేతికి ఇన్ని అర్థాలుంటే, కుర్చీలో కూర్చున్న కుర్రాడు చేతులు కట్టుకోవడానికి ఒకే అర్థం ఎలా ఉంటుంది? వ్యక్తిత్వ వికాస పుస్తకాల ప్రకారం వాడు మనసు మూసుకున్నాడు, ఏదో దాస్తున్నాడు. మన బళ్లలోనేమో ‘చేతులు కట్టుకుని కూర్చోండి’ అన్నది ఒకటో తరగతి నుంచీ పంతులుగారి ఆజ్ఞ. పెద్దల ముందు తల దించుకోవడం మర్యాద. ఇవన్నీ ఒంటబట్టించుకుని పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి క్యాంపస్ ఇంటర్వ్యూలో ‘ఆత్మవిశ్వాసం లేదు’ అని మార్కులు కోస్తే, ఆ కోత వాడి పెంపకానికి పడ్డట్టే. మన తల ఊపుడు చూసి వీడియో కాల్‌లో అమెరికా క్లయింట్ ఔనో కాదో తేల్చుకోలేక తికమకపడితే నవ్వుకుంటాం గానీ, మన ఇంటర్వ్యూల్లో మనమూ చేస్తున్నది అదే.

ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునే పెద్దలకు ఒక్క మనవి. మార్కుల పత్రంలో ‘బాడీ లాంగ్వేజ్’ అన్న గడి ఉంటే కొట్టేయండి. కుర్రాడు తడబడితే ఆ ప్రశ్ననే మరోలా, కావాలంటే తెలుగులో, ఇంకోసారి అడిగి జవాబుకు మార్కులు వేయండి. ఆ అడిగేటప్పుడు మీ గొంతులో పెత్తనం లేకుండా చూసుకోండి. వాడికి మాత్రం అది స్పష్టంగా వినిపిస్తుంది.