కొలువులోకి ఏ రైలు తెద్దాం?

ధనుర్మాసం నెలపట్టిందంటే చాలు, మన కోనసీమ ఇళ్లలో అటకల మీంచి బొమ్మల పెట్టెలు కిందికి దిగుతాయి. పాత చీర ముక్కల్లోంచి దశావతారాలూ, పెళ్లివారూ, శెట్టిగారి కొట్టూ, తాటిచెట్టెక్కే గీతకార్మికుడూ ఒక్కొక్కరే బయటికొచ్చి దుమ్ము దులిపించుకుంటారు. ఏడాదికి ఒక్క కొత్త బొమ్మయినా కొలువులో చేరాలన్నది పెద్దవాళ్లు పెట్టిన ఆనవాయితీ. దాంతో ప్రతి ఇంట్లోనూ అదే తర్జనభర్జన. ఈసారి ఏం కొందాం?

మా ఇంట్లో ఆ తగువు రైలు దగ్గర వచ్చిపడింది. మావాడికి వందేభారత్ కావాలి. తెల్లగా, ముక్కు కోసుగా, లైట్లు వెలుగుతూ, కిటికీలతో సహా అచ్చం అసలు రైల్లాగే ఉండాలి. మా అత్తయ్యగారికేమో ఏటికొప్పాక లక్కరైలు కావాలి. ఎర్ర ఇంజను, పసుపు పొగగొట్టం, బుగ్గలు పూరించుకున్నట్టుండే గుండ్రటి పెట్టెలు.

"అదేం రైలు బామ్మా? దానికి కరెంటు తీగే లేదు!" అన్నాడు వాడు.

"నీ రైలుకి నవ్వే లేదు కదరా నాన్నా!" అన్నారావిడ.

ఇది మా ఇంటి గొడవే అనుకున్నాను గానీ, తీరా చూస్తే ప్రపంచమంతటా రైలు బొమ్మలు కూడబెట్టే పెద్దమనుషుల మధ్య కూడా ఎన్నో ఏళ్లుగా ఇదే వాదన నడుస్తోందండీ! కొత్త బొమ్మ బజారులోకి వచ్చిందంటే సగంమంది "అసలు రైలుకి ఆ చోట మేకు లేదే!" అని భూతద్దం పెట్టి వెతుకుతారు. మిగతా సగం "ఎంత ముద్దుగా ఉందో!" అని ఇంటికి తెచ్చేసుకుంటారు.

అచ్చం అసలులాగే కావాలనేవాళ్ల లెక్క భలే కచ్చితంగా ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది పాటించే కొలత అసలు రైలులో 87వ వంతు. అంటే మనం ఎక్కే రైలు పెట్టె ఒక్కొక్కటి జానెడు పైచిలుకు, 25 సెంటీమీటర్ల లోపో పైనో అవుతుందన్నమాట. ఇంతేనా అనుకోకండి. 20 పెట్టెల రైలును ఆ కొలతలో పేరిస్తే 5 మీటర్ల పైమాటే, దాదాపు ఒక చీర పొడవు! కొలువు మెట్ల మీద దాన్నెక్కడ పెడతాం చెప్పండి? పుణెలో 1998లో మొదలైన జోషీగారి చిన్న రైళ్ల మ్యూజియంలో ఇలాంటి రైళ్లు ఊళ్లూ వంతెనల మధ్య తిరుగుతాయి. పిల్లలతో అటువైపు వెళ్లేవాళ్లు తప్పక చూడాల్సిన చోటు.

మన కొలువులో ఈ కొలతల పట్టింపు ఏనాడూ లేదు. మా కొలువులో కోడిపెట్ట రైలు కంటే పెద్దది. కృష్ణుడి కన్నా వెన్నకుండ ఎత్తు. అయినా ఏ పేరంటాలూ ఇంతవరకూ తప్పు పట్టలేదు!

లక్కపిడతల ఇంటి నుంచే రైలు

రైలు బొమ్మలు మగపిల్లల సరదా అని మనలో ఒక అభిప్రాయం ఉంది కదా. దాని పుట్టుక చూస్తే ఆశ్చర్యపోతారు. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్లో థియోడర్ మార్క్లిన్ అనే రేకు పనివాడు 1859లో బొమ్మల వ్యాపారం మొదలుపెట్టాడు. ఏం చేసేవాడనుకున్నారు? ఆడపిల్లలు ఆడుకునే బొమ్మ వంటింటి సామాన్లు! మన లక్కపిడతల్లాంటివే, కాకపోతే రేకువి. ఆయన భార్య కరొలీన్ ఊరూరా తిరిగి వాటిని అమ్మేది. ఆ రోజుల్లో ఒక ఆడది సరుకు పట్టుకుని పరాయి ఊళ్లు తిరగడమంటే మాటలా? 1866లో భర్త పోయాక కూడా ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది ఆవిడే. తర్వాత వాళ్ల కొడుకులు 1891లో లైప్‌జిగ్ సంతలో తాళం తిప్పితే 8 అంకె ఆకారంలో తిరిగే రైలును చూపించారు. బొమ్మరిల్లు కొన్న పిల్ల ఏటా ఒక కుర్చీ, ఒక గిన్నె కొనుక్కుని చేర్చుకుంటుంది కదా, అలాగే రైలు కొన్నవాళ్లు ఏటా ఒక పెట్టె, ఒక పట్టా చేర్చుకోవాలన్నది వాళ్ల ఆలోచన. ఏడాదికో కొత్త బొమ్మ అనే మన కొలువు ఆనవాయితీ కూడా అంతే కదూ!

ఇక అమెరికా కథ వినండి. అక్కడ లయొనెల్ అనే పేరున్న రైలు బొమ్మల కంపెనీ ఉంది. స్తంభం దగ్గరికి రాగానే తల వంచుకునే జిరాఫీ ఉన్న పెట్టె లాంటి చమత్కారాలు వాళ్లు చాలా చేశారు, అవి బాగానే నడిచాయి కూడా. 1957లో వాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఆడపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక రైలు చేద్దామని గులాబీరంగు ఇంజను, లేత ఊదా, లేత పసుపు, లేత నీలం పెట్టెలు తయారుచేశారు. ఆడపిల్లలంటే లేతరంగులే కదా అనుకున్నారు పాపం. ఎవరూ కొనలేదు! రైలంటే ఇష్టమున్న ఆడపిల్లలకి అన్నయ్య దగ్గరున్నట్టే నల్లటి, అసలు ఇంజనే కావాలి. వాళ్లనెవరూ అడగలేదు, అంతే. తమాషా ఏమిటంటే, ఆ రోజు కొట్లలో మూలపడ్డ ఆ గులాబీ రైలు ఇప్పుడు దొరకడమే కష్టం. కూడబెట్టేవాళ్లు దానికి గొప్ప ధర పెట్టి మరీ కొంటున్నారు.

అలాగని ముద్దుగా ఉండే రైళ్లు నిలవవనుకోకూడదు. కళ్లూ ముక్కూ ఉన్న థామస్ ఇంజను తెలియని పిల్లలు ఈరోజుల్లో ఎవరున్నారు? ఇంగ్లండులో ఆడ్రీ అనే చర్చి ఫాదరీగారు, కొడుక్కి తట్టు పోసి మంచాన పడితే పొద్దు గడవడానికి ఇంజన్ల కథలు చెప్పారు. వాటిని పుస్తకంగా వేయించమని వెంటపడింది ఆయన భార్య. మొదటి పుస్తకం 1945లో వచ్చింది. యుద్ధకాలం, సామాను దొరకదు. చీపురుకర్ర ముక్కలూ, చెక్కపేళ్లతోనే కొడుక్కి బొమ్మ ఇంజన్లు చేసిచ్చారాయన. అంత ఊహించి రాసినాయన బొమ్మలు గీసేవాళ్లతో మాత్రం తగువు పడేవారు. ఇంజనుకి మొహం ఉన్నా సరే, చక్రాలూ పట్టాలూ అసలు రైలులో ఉన్నట్టే ఉండాలని పట్టుబట్టేవారు. నాకు ఈ మాట బాగా నచ్చింది. ఆయన ఇంజను మాట్లాడుతుంది గానీ పట్టా తప్పి నడవదు!

తరిణె మీద పుట్టిన రైలు

మళ్లీ మా అత్తయ్యగారి లక్కరైలు దగ్గరికి వద్దాం. ఏటికొప్పాక మనకేమంత దూరం కాదు. విశాఖ వెళ్లే జాతీయ రహదారి మీద అడ్డరోడ్డు నుంచి లోపలికి, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అక్కడ అంకుడు కర్రను ఆరబెట్టి, తరిణె మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి ఆకు లాంటి వాటి నుంచి తీసే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చి ఆ పనికి ప్రాణం పోసిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2023 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో మన ప్రభల తీర్థం శకటం వెళితే, 2025లో ఏటికొప్పాక బొమ్మల శకటం వెళ్లింది.

ఇక్కడొక కిటుకు గమనించండి. తరిణె మీద తిప్పిన కర్ర గుండ్రంగానే వస్తుంది. అందుకే ఆ రైలు పెట్టెలు బొద్దుగా, డ్రైవరు తల గోళీకాయలా ఉంటాయి. ముద్దు కోసం అలా చేశారనుకుంటాం గానీ, ఆ పనిముట్టు గుణమే అది. పాత ఆవిరి ఇంజనుకి ఆ పని అతికినట్టు సరిపోయింది. బాయిలరు గుండ్రం, పొగగొట్టం గుండ్రం, చక్రాలు గుండ్రం. కానీ వందేభారత్ కోసుముక్కు తరిణెకి లొంగదు. సికింద్రాబాదు నుంచి విశాఖకి ఆ రైలు మొదలైంది 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి నాడు! రాజమండ్రిలో దాన్ని చూసొచ్చిన పిల్లలకి పొగగొట్టం ఉన్న ఇంజను కథల్లోని వస్తువే. వాళ్లంతా అచ్చం అసలు రైలే కావాలంటే లక్కరైలు చేసే చేతుల సంగతేమిటి? నాకున్న దిగులు అది.

అయితే మా అత్తయ్యగారు ఆ రైలును ఎందుకంత పట్టుబట్టారో నాకు తర్వాత తెలిసింది. ఆవిడ తల్లిగారిది ముక్తేశ్వరం వైపు. 1928లో వేసిన కాకినాడ - కోటిపల్లి లైను మీద రైలు వచ్చి ఆగితే, గౌతమి ఇవతలి ఒడ్డు రేవులో నిలబడి ఆ కూత వినేవారట చిన్నప్పుడు. యుద్ధం అవసరాలకని 1940లో ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో గానీ వేయలేదు. మనవడికి వింతగా కనిపించే ఆ పొగగొట్టం రైలు ఆవిడకి వాళ్లమ్మ చెప్పిన అసలు రైలు! ఏది అసలు, ఏది ఊహ అన్నది చూసే వయసును బట్టి మారిపోతుంది చూడండి.

మన అమలాపురం, రాజోలు వాళ్లకైతే రైలంటేనే సగం ఊహ. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను బాలయోగిగారు స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2000-01లో మంజూరైంది. గోదావరిలో స్తంభాలు లేచాయి. ఎదురుచూపులకి మాత్రం పాతికేళ్లు.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

ప్లాస్టిక్కు, బ్యాటరీ రైళ్లు కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడడం మరచిపోకండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు పొందిన చేతివృత్తుల బొమ్మలకి అందులో మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకి ఆ గుర్తింపు 2017లో వచ్చింది కనుక వాటి మీద ఐఎస్ఐ లేదని అనుమానపడక్కర్లేదు. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఊడొచ్చే చిన్న చక్రాలున్నవి ఏ రకమైనా వద్దు.

కొలువు ఎత్తేశాక బ్యాటరీలు తీసి దాచండి, లేకపోతే మళ్లీ సంక్రాంతికి అవి కారి రైలు పాడైపోతుంది. లక్కబొమ్మల్ని తడిగుడ్డతో తుడవకూడదు, దీపం సెగ తగలనివ్వకూడదు, లక్క మెత్తబడుతుంది. పొడిగుడ్డతో తుడిచి నూలు చీర ముక్కలో చుడితే చాలు. అంతర్వేది తీర్థంలోనో, కొత్తపేట ప్రభల సంబరంలోనో ఎప్పుడో కొన్న పాత రేకు రైళ్లుంటే, మన గోదావరి గాలికి తుప్పు పట్టకుండా కుట్టుమిషను నూనె ఒక చుక్క గుడ్డమీద వేసి పైపైన రాయండి. స్టేషను కోసం తడి ఇసుకలో ఆవాలు మొలిపించేవాళ్లు రైలును మాత్రం దానికి ఎడంగా పెట్టాలి. ఇసుక బదులు బాగా ఎండిన కొబ్బరిపొట్టు పరిస్తే ఇంకా మేలు. అంబాజీపేట చుట్టుపక్కల దానికేం కరువు! పట్టాలకి కొబ్బరి ఈనెలు చాలు.

ఇంతకీ మా ఇంట్లో ఏం తెచ్చామంటారా? రెండూ తెచ్చామండీ, ఏం చేస్తాం! వందేభారత్ వాడి దాచుకున్న డబ్బుల్లోంచి, లక్కరైలు మా అత్తయ్యగారి పింఛన్లోంచి. కింది మెట్టు మీద నీలం జాకెట్టు గుడ్డ పరిచి గౌతమి అన్నాం. దారపు కండెలు నిలబెట్టి స్తంభాలన్నాం. వాటిమీద అట్టముక్క వేసి, ఈనెలు అతికించి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం దాకా వంతెన పూర్తిచేసేశాం. పేరంటానికి వచ్చిన అమ్మలక్కలు శనగలు, తాంబూలం అందుకుంటూ "మీ కొలువులోనైనా రైలొచ్చింది!" అని నవ్వారు. వంతెన మీద ముందు ఏ రైలు వెళ్లాలన్నది మాత్రం బామ్మా మనవడూ ఇంకా తేల్చలేదు.